షిల్లింగుల చేప

కిలిందోనీ రేవులో సముద్రం ఆటు మీద ఉంది.
మోకాలిలోతు బురదనీళ్లలో నడిచి
పడవ ఎక్కేసరికి
కొత్త చెప్పు ఒకటి నీళ్లపాలైంది.
"బోణీ అయింది," అన్నాడు కొంబో.
రెండోది కూడా ఇచ్చేయాలట,
జత విడదీస్తే పాపమట.
నేనివ్వలేదు. ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.

మొరొగొరోలో నాది బ్యాంకు కౌంటరు.
పదకొండేళ్లుగా అద్దం వెనక కూర్చుని
ఎవరెవరిదో డబ్బు లెక్కపెడతాను.
ఇది నా మొదటి సెలవు,
అంటే, పెళ్లికో చావుకో కాకుండా
ఊరికే పెట్టిన మొదటి సెలవు.
ఈత నేర్చింది హోటలు కొలనులో,
అదీ లోతు తక్కువ వైపున.

కొంబో తెరచాప కొయ్యని వాటేసుకుని
ఎండకి కళ్లు చికిలించి
నీళ్ల మీద నీడని వెతుకుతున్నాడు.
"మబ్బునీడ జారిపోతుంది, రాతినీడ కదలదు.
ఈ రెండూ కానిది కావాలి నాకు."
చుక్కాని పట్టిన కుర్రాడు షెహే
కళ్లద్దాల మాస్కులో ఉమ్మేసి, తుడిచి, నాకిచ్చి
"నీ ఉమ్మే అయితే ఇంకా మంచిది," అన్నాడు, తీరిగ్గా.

పాపా షిలింగి అంటారిక్కడ దాన్ని.
చేసినవాడే దాన్ని చూసి మురిసిపోయి
గుప్పెడు వెండి నాణేలు పైనుంచి విసిరాడట,
వీపుకి అంటుకుపోయాయట.
"ఆ బాకీ గుర్తుండబట్టే పైకి తేలుతుంది," కొంబో.
"బాకీ కాదు, దండం పెట్టడానికి," షెహే.
చాలా ఏళ్ల తగువులా ఉంది.
నన్ను తీర్పు అడిగేలోపు
కొయ్య మీంచి కేక:
"దూకు!"

రబ్బరు రుచి. ఉప్పు.
నా ఊపిరే నాకు పక్కింటి గురకలా.
గంజిలాంటి ఆకుపచ్చ నీళ్లు,
అందులో ఏమీ లేదు,
ఏమీ లేదు,
ఏమీ
తలుపుల్లేని గుమ్మమొకటి
నా మీదకి నడిచివస్తోంది.

నోరు. అంత నోరు పెట్టుకుని
అది తాగేది చారెడు రొయ్యపొట్టు.
నన్ను చూసి, చూడనట్టే,
ఇరుకు సందులో ఎదురుపడ్డ పెద్దమనిషిలా
కాస్త ఒత్తిగిలి దారిచ్చింది.

అప్పుడు మొదలైంది వీపు.
అలవాటు ఎక్కడికి పోతుంది?
ఒకటి, రెండు, పది, ఇరవై,
చుక్క పక్కన చుక్క, వరస కింద వరస,
కట్ట కట్టి రబ్బరుబ్యాండు వేసేలా.
డెబ్బై మూడు దగ్గర అది దగ్గింది.
నిజంగానే. గొంతు సవరించుకున్న ముసలాయనలా
నోటినిండా పట్టిన తుక్కుని
మబ్బులా వదిలి
మళ్లీ తెరిచింది నోరు.

లెక్క తప్పింది.
కౌంటరులో తప్పితే నా జీతంలో కోస్తారు.
ఇక్కడ ఎవరూ రాలేదు కోయడానికి.
తోక నెమ్మదిగా, చాలా నెమ్మదిగా
నా ముందునుంచి వెళ్లిపోయింది,
నీళ్లు కాసేపు దాని ఆకారంలోనే ఉన్నాయి.

పడవలో పడ్డాక పళ్లు కొట్టుకుంటుంటే
కొంబో తన లుంగీ తీసి కప్పాడు.
ముప్పై ఏళ్లుగా పైనుంచే చూస్తున్నాడట.
ఆ అద్దం ముఖానికి పెడితే ఊపిరాడదట.
ఎవరూ వినకుండా అడిగాడు,
"కింద పొట్ట మీద ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు. తెల్లగా ఉంది."

తొడ చరిచి నవ్వాడు:
"మేం పొట్ట చేత పట్టుకు తిరుగుతాం,
అది డబ్బు వీపునేసుకు తిరుగుతుంది,
దానికీ పొట్ట ఖాళీయేనన్నమాట!"
షెహే నవ్వలేదు.
దూరంగా దగా చేపల పడవలు వల దించుతున్నాయి,
అది వెళ్లిన వైపే.
కొంబో నవ్వు సగంలో ఆపి
కోసిన నూనెడబ్బాతో
పడవలోని నీళ్లు తోడడం మొదలుపెట్టాడు.

పోటు మీద ఒడ్డు చేరాం.
ఇసుకలో ఐదేళ్లవాడొకడు
నా చెప్పుకి పుల్ల గుచ్చి
కొబ్బరాకు తెరచాప కట్టి
దారంతో లాక్కెళ్తున్నాడు.
సరుకు కూడా ఉంది, మూడు గవ్వలు.

నాదని చెప్పలేదు.
రెండోది చేత్తో పట్టుకుని
కాసేపు నిలబడ్డాను,
బేరం వాడే మొదలుపెడతాడని.